పాత కారు మిస్ కొడితే సామాను కొనేముందు సిలిండర్‌ని కనుక్కోండి

సంపాదకులకు,

నమస్కారం. వానలు పడటం మొదలైందంటే విశాఖ ఆటోనగర్ షెడ్ల ముందు ఒకే జబ్బుతో పాత బండ్లు వరస కడతాయి. పొద్దున్నే సెల్ఫ్ కొడితే ఇంజిన్ అందుకుంటుంది గానీ బండంతా వణుకుతుంది. సైలెన్సరు శబ్దం తూగు తప్పుతుంది. హనుమంతవాక ఎత్తు ఎక్కేటప్పుడు వెనక నుంచి ఎవరో పట్టి గుంజుతున్నట్టు ఉంటుంది. మనవాళ్లు మిస్సింగ్ అనేది దీన్నే, అంటే ఇంజిన్‌లో ఏదో ఒక సిలిండర్ సరిగా మండకపోవడం. మారుతీ 800, జెన్, ఎస్టీమ్, అంబాసిడర్, పద్మిని, పాత శాంట్రో ఇంకా నడుపుకుంటున్నవాళ్లు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు. వాళ్ల కోసం, వాళ్ల బండ్లు బాగుచేసే కుర్రాళ్ల కోసం ఈ ఉత్తరం. కాస్త పొడుగైనా చోటివ్వమని కోరుతున్నాం.

మిస్సింగ్ అని బండి రాగానే ముందు ప్లగ్గులు మార్చేస్తారు. తగ్గకపోతే కాయిల్ (రవ్వకి కావాల్సిన వోల్టులు పెంచేది), ఆ తర్వాత కార్బొరేటరు (పెట్రోలు, గాలి కలిపేది) సర్వీసు. అప్పటికీ తగ్గకపోతే ఇంజిన్ పని అయిపోయింది, బోరింగ్ (సిలిండర్లు తొలిచి సరిచేయడం) చేయించండి లేదా అమ్మేయండి అంటారు. ఈ పద్ధతి ఒక్కోసారి ఫలిస్తుంది కూడా. ప్లగ్గులు మార్చేటప్పుడు వైర్లు కదిలి, తడి తుడుచుకుపోయి బండి నాలుగు రోజులు బాగుంటుంది. మళ్లీ ముసురు పట్టగానే మొదటికొస్తుంది. మూడు వేల రూపాయల సామాను పడింది, జబ్బు ఎక్కడిదక్కడే ఉంది.

ఒక సిలిండర్ మండాలంటే మూడే కావాలి: సరైన వేళకు నిప్పురవ్వ, సరైన పాళ్లలో పెట్రోలు గాలి, లోపల ఒత్తిడి నిలబడటం. మూడింట్లో ఏది లేదో కనుక్కునే ముందు అసలు ఏ సిలిండర్ మండట్లేదో కనుక్కోవాలి. దీనికి పది నిమిషాలు చాలు, కొనాల్సిందేమీ లేదు.

డిస్ట్రిబ్యూటరు (కాయిల్ కరెంటుని వంతులవారీగా ప్లగ్గులకి పంచేది) ఉన్న బండికి ఇలా చేయండి. ఇంజిన్ ఆపి, ఒకటో సిలిండర్ ప్లగ్ వైరు ఊడదీసి, దాని కొసకి ఒక పాత ప్లగ్గు తగిలించండి. ఆ ప్లగ్గు ఒంటిని క్లిప్పుతో ఇంజిన్ లోహానికి ఆనించండి. అప్పుడు స్టార్ట్ చేసి స్లో మీద వినండి. శబ్దం ఇంకా పాడైతే, ఇంజిన్ ఇంకా కుంటితే ఆ సిలిండర్ అంతవరకూ పనిచేస్తున్నట్టే. తేడా ఏమీ రాకపోతే మండనిది అదే. ఒకదాని తర్వాత ఒకటి అన్నీ చూడండి. ఇంజిన్ నడుస్తుండగా వైరు చేత్తో పీకి గాల్లో వదిలేసే అలవాటు మానుకోవాలి. షాక్ కొట్టడం ఒక్కటే కాదు, వెళ్లడానికి దారి లేని ఆ వేల వోల్టులు కాయిల్ లోపలి ఇన్సులేషన్‌ని, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉంటే ఇగ్నైటర్‌ని చీల్చుకుని పోతాయి. ఒక జబ్బు వెతకబోయి ఇంకోటి తెచ్చుకున్నట్టవుతుంది.

ఎంపీఎఫ్ఐ (కార్బొరేటరు బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చల్లే) బండికి ప్లగ్ వైరు ముట్టుకోకుండా ఇంజెక్టరు కనెక్టరు తీసి ఇదే పరీక్ష చేయాలి. నిప్పు ఆపి పెట్రోలు ఆపకపోతే ఆ పచ్చి పెట్రోలు పొగగొట్టం దారిలో ఉండే కాటలిటిక్ కన్వర్టరు (పొగని శుద్ధి చేసే భాగం) లోకి పోయి అక్కడ మండుతుంది, లోపలి తేనెపట్టు కరిగిపోతుంది. మిస్ కొడుతున్న ఎంపీఎఫ్ఐ బండిని ఎలాగోలా నడుస్తోంది కదా అని వారాల తరబడి తిప్పకూడదనేది కూడా అందుకే.

మండని సిలిండర్ దొరికాక వెంటనే దుకాణానికి పరిగెత్తక్కర్లేదు. రెండోది మండట్లేదనుకోండి. దాని ప్లగ్గు తీసి ఒకటో దానికి పెట్టి, ఒకటో దానిది రెండోదానికి పెట్టండి. మిస్సింగ్ ఒకటికి మారితే ప్లగ్గే దోషి. మారకపోతే ఈసారి వైర్లు మార్చి చూడండి. అదీ కాకపోతే నిప్పు వైపు మిగిలింది డిస్ట్రిబ్యూటరు క్యాపులో ఆ సిలిండర్ టెర్మినల్. ఒకసారికి ఒకటే మార్చాలి. రెండూ కలిపి మారిస్తే బాగైనా ఏది బాగుచేసిందో తెలీదు. వైర్లు తిరిగి పెట్టేటప్పుడు వరస తప్పొద్దు: మూడు సిలిండర్ల 800కి 1-3-2, నాలుగు సిలిండర్ల అంబాసిడర్, పద్మిని, జెన్ బండ్లకి 1-3-4-2. సున్నంతో వైరు మీద అంకె వేసుకుంటే సరిపోయేదానికి, రెండు వైర్లు తారుమారై కార్బొరేటరులోంచి పేలుడు వచ్చిన బండ్లని 'ఇంజిన్ పోయింది' అని విప్పేసిన షెడ్లున్నాయి.

మన ఊళ్లో మాత్రం మొదటి అనుమానం ఎప్పుడూ నిప్పు వైపే ఉండాలి. ఆర్కే బీచ్ నుంచి రుషికొండ, భీమిలి దాకా సముద్రానికి దగ్గర్లో రాత్రిళ్లు ఆరుబయట ఉండే బండ్ల మీద ఉప్పుగాలి పొరలా పేరుకుంటుంది. పొడిగా ఉన్నంతసేపూ ఆ ఉప్పు ఏమీ చేయదు. తేమ తగలగానే కరెంటుకి దారి ఇస్తుంది. వన్‌టౌన్ వైపు పోర్టు బొగ్గు ధూళి దానికి తోడవుతుంది. ప్లగ్గు దగ్గర రవ్వ ఎగరాలంటే పది వేల వోల్టులకు పైగా కావాలి. ఆ కరెంటు తడిసిన క్యాపు మీదుగా సులువైన దారి దొరికితే ప్లగ్గు దాకా ఎందుకు పోతుంది? ముసురులో మిస్ కొట్టిన బండి మధ్యాహ్నం ఎండకి దానంతటదే బాగయ్యేది ఇందుకే. వేడికి తడి ఆరిందంతే, ఉప్పు అక్కడే ఉంది.

దీన్ని కంటితో చూడొచ్చు. చీకటి పడ్డాక బండిని న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేకు వేసి స్లో మీద ఉంచండి. బట్టల ఇస్త్రీకి వాడే స్ప్రే సీసాతో మంచినీళ్లు పొగమంచులా ప్లగ్ వైర్ల మీద, క్యాపు మీద, కాయిల్ మూతి దగ్గర చల్లండి. చేతులు వైర్లకి, ఫ్యానుకి దూరంగా ఉండాలి. లీకున్న చోట నీలం రవ్వలు పాకుతూ కనిపిస్తాయి, టిక్ టిక్ మని వినిపిస్తుంది కూడా. నీళ్లు పడగానే మిస్సింగ్ పెరిగిందంటే జబ్బు మీ కళ్లముందే దొరికినట్టు.

డిస్ట్రిబ్యూటరు క్యాపు తీశాక లోపలా బయటా గుడ్డతో తుడిచి టార్చిలైటు వేసి చూడండి. ఒక టెర్మినల్ నుంచి ఇంకోదానికి పెన్సిలు గీతలాంటి నల్లటి చార కనిపిస్తే అది మురికి కాదు, కరెంటు పాకి పాకి కాలిన గీత. దాన్ని గోకి వాడుకోవద్దు, వారంలో మళ్లీ అక్కడే వస్తుంది. క్యాపు మార్చాల్సిందే. లోపలి టెర్మినళ్ల మీద తెల్లటి, పచ్చటి చిలుము సన్నగా ఉంటే గోకితే పోతుంది. గుంటలు పడి తినేసి ఉంటే క్యాపు, రోటరు (క్యాపు లోపల తిరుగుతూ ఒక్కో టెర్మినల్‌కి కరెంటు అందించేది) జంటగా మార్చాలి. మధ్యలో స్ప్రింగు మీద ఆడే కార్బన్ బొగ్గు అరిగిందా, ఇరుక్కుందా అన్నది చాలామంది చూడరు. అది రోటరుకి ఆనకపోతే అన్ని సిలిండర్లూ ఒకేసారి మిస్ కొడతాయి. రోటరు కింద షాఫ్టుని పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడండి. బుష్ అరిగి ఊగుతుంటే పాయింట్ల (కాయిల్‌కి కరెంటు కలిపి తెంచే కొనల) గ్యాపు తిరిగే ప్రతి చుట్టుకీ మారిపోతుంది. ఎంత సెట్ చేసినా నిలవదు.

వైర్లని మల్టీమీటరుతో కొలవండి. మీ బండి వైరు పొడవునిబట్టి ఓమ్‌లు మారతాయి కాబట్టి వాటిని ఒకదానితో ఒకటి పోల్చడమే మంచి పద్ధతి. అన్నీ పది కిలోఓమ్‌ల లోపు చూపుతుంటే ఒకటి ముప్పై చూపితే అది పోయిందే. కొలుస్తూ వైరుని వంచండి. అంకె గెంతితే లోపలి కార్బన్ దారం తెగి అతుక్కుంటోందని అర్థం. ఎలుకలు కొరికిన గాట్లు కింద వైపు ఉంటాయి, తిప్పి చూడండి. మంచి వైర్లు పెట్టేటప్పుడు వైరు కొసనున్న రబ్బరు బూటు లోపల సిలికాన్ గ్రీజు బఠాణీ గింజంత రాస్తే ఉప్పుతేమ లోపలికి చేరదు. మామూలు చాసిస్ గ్రీజు వద్దు, అది రబ్బరుని ఉబ్బిస్తుంది.

ప్లగ్గు తీశాక పారేయకుండా దాని మూతి చూడండి. లేత గోధుమరంగు ఉంటే ఆ సిలిండర్ బాగా మండుతోంది. పొడి మసి అయితే పెట్రోలు ఎక్కువ లేదా రవ్వ బలహీనం. నూనె జిడ్డుతో తడిగా ఉంటే రింగులు, వాల్వు సీళ్ల వైపు చూడాలి. తెల్లగా, బుడిపెలు కట్టినట్టుంటే పెట్రోలు తక్కువై వేడెక్కుతోంది. పెట్రోలు వాసనతో తడిసి ఉంటే పెట్రోలు వస్తోంది గానీ రవ్వ లేదు. పింగాణీ మీద వెంట్రుకంత చీలిక ఉన్నా ఆ ప్లగ్గు పనికిరాదు. కొత్త ప్లగ్గు డబ్బాలోంచి తీసి నేరుగా బిగించొద్దు, ఫీలర్ గేజీతో గ్యాపు చూడండి: పాయింట్ల అంబాసిడర్‌కి 0.6 మి.మీ. దరిదాపు, కార్బొరేటరు మారుతీలకి 0.7 నుంచి 0.8, ఎంపీఎఫ్ఐ బండ్లకి చాలావరకు 1.0 నుంచి 1.1. మాన్యువల్ ఉంటే అందులోదే ఖాయం. బిగించడం ముందు చేత్తోనే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు. వాషర్ ఆనాక కొత్త ప్లగ్గుకి అర నుంచి మూడింట రెండు వంతుల చుట్టు చాలు. అల్యూమినియం హెడ్డులో మరలు చెడిపోతే ఆ ఖర్చు ప్లగ్గుల ధరకి ఎన్నో రెట్లు.

పాయింట్ల బండ్లకి గ్యాపు 0.35 నుంచి 0.40 మి.మీ. అంబాసిడర్ లెక్క. గ్యాపు తగ్గితే టైమింగ్ (రవ్వ పడే వేళ) వెనక్కి పోతుంది. పెరిగితే టైమింగ్ ముందుకి రావడమే కాక కాయిల్ నిండే సమయం తగ్గి స్పీడులో రవ్వ పలచబడుతుంది. అందుకే గ్యాపు ముట్టుకున్నాక టైమింగ్ తప్పకుండా చూడాలి. కొత్త పాయింట్లు కొద్ది రోజులకే నల్లబడి గుంటలు పడితే కండెన్సరు పోయినట్టు. అది మార్చకుండా పాయింట్లు ఎన్ని జతలు వేసినా తగలబడుతూనే ఉంటాయి.

కాయిల్ గురించి ఒక్క మాట. చల్లగా ఉన్నప్పుడు బాగా నడిచి, ఇరవై నిమిషాలకి మిస్ కొట్టి, ఆపి చల్లారితే మళ్లీ బాగయ్యే బండిలో మొదట కాయిల్‌ని అనుమానించాలి. వేడిగా ఉన్నప్పుడే కొలవండి. పాయింట్ల బండి కాయిల్ ప్రైమరీ (లోపలి మొదటి చుట్ట) మూడు ఓమ్‌ల దరిదాపు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌ది అంతకన్నా తక్కువ ఉంటుంది. సెకండరీ (రెండో చుట్ట) వేల ఓమ్‌లలో ఉంటుంది. చల్లగా ఒక అంకె, వేడిగా మీటరు ఏ అంకే చూపకుండా లోపల తీగ తెగినట్టు కనిపిస్తే ఇక ఆలోచించక్కర్లేదు, కాయిల్ పోయినట్టే.

మా దృష్టిలో ఈ ఊళ్లో అందరికన్నా ఎక్కువగా తప్పించుకునే దొంగ ఎర్తు పట్టీ. బ్యాటరీ నెగిటివ్ నుంచి బాడీకి, బాడీ నుంచి ఇంజిన్‌కి వెళ్లే ఆ పట్టీ బోల్టు కింద ఉప్పుకి పచ్చగా చిలుము పడుతుంది, పైకి బాగానే కనిపిస్తుంది. మల్టీమీటరుని వోల్టుల మీద పెట్టి ఒక కొస బ్యాటరీ నెగిటివ్ మీద, ఇంకోటి ఇంజిన్ లోహం మీద ఆనించి సెల్ఫ్ కొట్టించండి. 0.3 వోల్టులకు మించి చూపితే పట్టీ విప్పి, రెండు వైపులా లోహం మెరిసేదాకా గీకి, బిగించి, పైన వాజలీన్ రాయండి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 వోల్టులు ఉండాలి.

ఇక పెట్రోలు. మిస్సింగ్ ఎప్పుడు వస్తుందో గమనిస్తే సగం దారి తెలుస్తుంది. సింహాచలం ఘాట్‌లోనో, అనంతగిరి దారిలోనో తొక్కినప్పుడే మిస్ కొట్టి, స్లోలో నునుపుగా ఉంటే రవ్వ బలహీనం కావచ్చు, పెట్రోలు చాలకపోవచ్చు. తొక్కినప్పుడు సిలిండర్‌లోకి ఎక్కువ మిశ్రమం చేరి ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడిలో రవ్వ ఎగరాలంటే ఎక్కువ వోల్టులు కావాలి. బయట గాల్లో చక్కగా రవ్వ కనిపించిన ప్లగ్గు లోపల విఫలమయ్యేది అందుకే. అదే స్లోలో మిస్ కొట్టి, రేస్ చేస్తే నునుపైతే గాలి లీకు, మూసుకుపోయిన స్లో జెట్టు (స్లోలో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం), కాలిన వాల్వు వైపు చూడాలి. గాలి లీకుకి బ్రేకు బూస్టరుకి వెళ్లే ట్యూబుని ఒక్క క్షణం ప్లయర్‌తో నొక్కండి, బండి కదలకుండా ఉన్నప్పుడే సుమా. శబ్దం మారితే లీకు అటువైపు. కార్బొరేటరు కింది గాస్కెట్, మానిఫోల్డ్ బోల్టులు తర్వాత.

ఇప్పుడు బంకుల్లో వస్తున్న పెట్రోలులో ఇథనాల్ ఇరవై శాతం. ఇథనాల్ పూర్తిగా మండడానికి పెట్రోలుకన్నా తక్కువ గాలి చాలు, తొమ్మిది పాళ్లే. పెట్రోలుకి దాదాపు పద్నాలుగున్నర. అంటే పాత పెట్రోలుకి జెట్టు సైజు కుదిర్చిన కార్బొరేటరు ఈ పెట్రోలుకి గాలి ఎక్కువ ఇస్తున్నట్టే లెక్క. అంతకుముందే అంచు మీద ఉన్న బండి ఇప్పుడు స్లోలో కుంటుతుంది. మిశ్రమం స్క్రూ పావు చుట్టు చొప్పున వదులుతూ ఇంజిన్ నునుపైన చోట ఆపండి. తొక్కినప్పుడు కూడా కుంటితే అది స్క్రూతో పోదు, మెయిన్ జెట్టు సంగతి. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కూడా. నెలలకొద్దీ కదలని బండి ట్యాంకులో, మన ఊరి తేమకి, నీళ్లు అడుగున వేరుపడతాయి. కార్బొరేటరులోని ఫ్లోటు గిన్నె ఖాళీ చేసి గాజు సీసాలో పోసి పావుగంట ఆగితే అడుగున పొర కనిపిస్తుంది. కనిపిస్తే ట్యాంకు దింపి కడగాలి, ఫిల్టరు మార్చాలి. పాత రబ్బరు పెట్రోలు ట్యూబులు మెత్తబడి లోపల రేకులు లేస్తుంటే అవి కూడా. పెట్రోలు పని చేసేటప్పుడు బ్యాటరీ నెగిటివ్ తీసేయండి.

రవ్వ, పెట్రోలు రెండూ బాగుండి ఒక సిలిండరే మండట్లేదంటే అప్పుడు, అప్పుడు మాత్రమే, కంప్రెషన్ గేజీ (సిలిండర్ ఒత్తిడి కొలిచేది) తీయండి. ఇంజిన్ వేడిగా, ప్లగ్గులన్నీ తీసి, కాయిల్ కనెక్షన్ తీసేసి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి, సెల్ఫ్ ఐదారు సెకన్లు కొట్టండి. మారుతీ ఇంజిన్లకి చదరపు సెం.మీ.కి పన్నెండు పద్నాలుగు కిలోలు వస్తే బాగున్నట్టు, సిలిండర్ల మధ్య తేడా ఒక కిలో దాటకూడదు. తక్కువ వచ్చినదాంట్లో ఒక చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. పెరిగితే రింగులు, బోరు. పెరగకపోతే వాల్వు. పక్కపక్క సిలిండర్లు రెండూ తక్కువైతే వాటి మధ్య హెడ్ గాస్కెట్. అన్నీ సమానంగా తక్కువైతే టైమింగ్ బెల్టు పన్ను జారిందేమో చూడాలి. వాల్వు అన్నాక కూడా హెడ్డు విప్పకముందు టాపెట్ల (వాల్వుని నొక్కే భాగాల) గ్యాపు చూడండి. గ్యాపు పూర్తిగా తగ్గిపోయి వాల్వు మూసుకోకపోవడం గ్యాస్ కిట్ పెట్టిన బండ్లలో తరచూ చూస్తాం. వాల్వు సీటు లోపలికి అరిగి గ్యాపు తినేస్తుంది. సర్దితే అప్పటికప్పుడు మిస్సింగ్ పోతుంది. ఆలస్యం చేస్తే వాల్వు కాలిపోయి హెడ్డు పని తప్పదు.

నాలుగు సిలిండర్ల ఎంపీఎఫ్ఐ బండ్లలో చాలావాటికి ఒక కాయిల్ ఒకటి, నాలుగు సిలిండర్లకీ, ఇంకోటి రెండు, మూడింటికీ నిప్పు ఇస్తుంది. ఒకటీ నాలుగూ కలిసి ఆగితే కాయిల్, ఒక్కటే ఆగితే వైరు, ప్లగ్గు, ఇంజెక్టరు. పొడుగు స్క్రూడ్రైవరు కొస ఇంజెక్టరు మీద, పిడి చెవికి ఆనిస్తే టక్ టక్ మని వినిపించాలి. స్కానరు (బండి కంప్యూటరులోని తప్పుల కోడ్లు చదివేది) పెట్టే వీలున్న బండ్లలో పీ0301 అంటే ఒకటో సిలిండర్, పీ0302 రెండోది, పీ0300 అంటే ఏదో ఒకటి అని కాదు, సిలిండర్లు మారి మారి మిస్ కొడుతున్నాయని. స్కానరు సిలిండర్‌ని చూపిస్తుందే గానీ కారణం చెప్పదు.

చావులమదుం దగ్గర వరద నీళ్లలో ఆగిన బండి గురించి విడిగా చెప్పాలి. సెల్ఫ్ కొట్టొద్దు. ఇంజిన్‌లోకి నీళ్లు పోయి ఉంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ప్లగ్గులన్నీ తీసి, నీళ్లు బయటికి పోయాక, క్యాపు ఆరబెట్టాకే మిగతా పని. సర్వీసింగ్ సెంటర్లలో ఇంజిన్ మీద నీళ్ల జెట్టు కొట్టించుకోవడం కూడా ఈ కోవలోదే. ప్లగ్గు గుంటల్లో నిలిచిన నీళ్లు నాలుగు రోజులు తిప్పలు పెడతాయి. ఉప్పు తీయడానికి తడి గుడ్డ, పొడి గుడ్డ చాలు.

బాగయ్యాక నిర్ధారణకి పొల్యూషన్ సర్టిఫికెట్ మిషనే మంచి సాక్షి. మండని పెట్రోలు హైడ్రోకార్బన్ అంకెలో తేలుతుంది. భారత్ స్టేజ్ 2 (పొగ కాలుష్య ప్రమాణం) కన్నా ముందటి పెట్రోలు కార్లకి హద్దు 1500 పీపీఎం, స్టేజ్ 2, 3 బండ్లకి 750. ఒక సిలిండర్ మిస్ కొడితే ఈ అంకె వేలల్లోకి ఎగబాకుతుంది. పని ముందు ఒకసారి, తర్వాత ఒకసారి కొలిపించి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి.

తోటి మెకానిక్కులకి మా మనవి ఒకటే. బిల్లు మీద 'మిస్సింగ్ పని' అని రాసి ఊరుకోకుండా ఏ సిలిండర్, వైరు ఎన్ని ఓమ్‌లు, కంప్రెషన్ ఎంత, ప్లగ్గు గ్యాపు ఎంత అని రాయండి, తీసిన పాత సామాను బండివాళ్లకి ఇచ్చేయండి. వచ్చే ఏడు అక్టోబరు ముసురులో అదే బండి అదే గోలతో వస్తే ఆ కాగితం చూసి ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

ఇట్లు
పాత కార్ల మెకానిక్కులు కొందరు
ఆటోనగర్, విశాఖపట్నం